లుకేమియాకు కొత్త డ్రగ్ టార్గెట్లు వెతకాలంటే ఏం చదవాలి?

ప్రశ్న: బయోటెక్నాలజీ డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. అక్యూట్ లుకేమియాకు (వేగంగా ముదిరే రక్తక్యాన్సర్) కొత్త డ్రగ్ టార్గెట్లు (మందు గురిపెట్టాల్సిన జన్యువులు, ప్రొటీన్లు) కనిపెట్టే పరిశోధనలో చేరాలని ఉంది. ఎంబీబీఎస్ లేకపోతే కుదరదంటున్నారు. నిజమేనా?

జవాబు: నిజం కాదు. మందును రోగులకిచ్చి పరీక్షించే దశలో డాక్టర్లు ఉండాల్సిందే. టార్గెట్‌ను పట్టుకునే పనిలో మాత్రం జీవశాస్త్రం, రసాయనశాస్త్రం, కంప్యూటర్ చదివినవాళ్లు బోలెడుమంది ఉన్నారు. మీరు తేల్చుకోవాల్సింది, ఆ పనిలో ఏ భాగం మీకు నచ్చుతుందన్నదే.

క్రిస్పర్ అనే జన్యువులను కత్తిరించే పద్ధతితో చేసే స్క్రీన్‌నే (సామూహిక పరీక్ష) తీసుకోండి. లుకేమియా కణాలను కోట్లలో పెంచి, ఒక్కో కణంలో ఒక్కో జన్యువును పనిచేయకుండా చేస్తారు. అలా సుమారు 20,000 జన్యువులు పరీక్షకు వస్తాయి. రెండు మూడు వారాలయ్యాక సీక్వెన్సింగ్ చేసి (డీఎన్‌ఏ వరుసను చదివి), ఏ జన్యువు దెబ్బతిన్న కణాలు తగ్గిపోయాయో లెక్కిస్తారు. ఇక్కడి నుంచి స్టాటిస్టిక్స్‌దే రాజ్యం. ఏ జన్యువు లేకపోతే కణం బతకదో చూస్తే వందల పేర్లు తేలతాయి. వాటిలో చాలావరకు ఆరోగ్యంగా ఉన్న మజ్జకణాలకూ ప్రాణాధారమే. లుకేమియాకు తప్పనిసరై, మామూలు రక్త మూలకణాలకు అంతగా అక్కర్లేనిది దొరకాలి. అసలు తలనొప్పి అదే.

ఓపిక కూడా కావాలి. కేఎంటీ2ఏ జన్యువు తెగి వేరేచోట అతుక్కోవడంవల్ల వచ్చే లుకేమియాకు మెనిన్ అనే ప్రొటీన్ ఆసరా అని 2005లో తేలింది. దాన్ని అడ్డుకునే రెవుమెనిబ్ అనే మందుకు అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది 2024 నవంబరులో! ఈలోగా ట్రయల్స్‌లోనే కొందరు రోగుల్లో మెనిన్ జన్యువు మారిపోయి, కణాలు మందుకు లొంగడం మానేశాయి. మీ తరానికీ పని మిగిలే ఉందన్నమాట.

ఎమ్మెస్సీలో మాలిక్యులర్ బయాలజీ అయినా, బయోఇన్ఫర్మాటిక్స్ అయినా ఫరవాలేదు. సొంత పరిశోధన నడపాలంటే మాత్రం పీహెచ్‌డీ కావాలి. డేటా విశ్లేషణకు వాడే ప్రోగ్రామింగ్ భాషలు ఆర్ లేదా పైథాన్ ఇప్పుడే మొదలుపెట్టండి. తర్వాత చూద్దామనుకున్నవాళ్లు తమ డేటా పట్టుకుని ఇంకొకరి చుట్టూ తిరుగుతుంటారు.

అమెరికాలోని పరిశోధన సంస్థ బ్రాడ్ ఇన్‌స్టిట్యూట్ నడిపే డెప్‌మ్యాప్ అనే వెబ్‌సైట్‌లో వందలాది క్యాన్సర్ సెల్ లైన్ల (ల్యాబ్‌లో తరతరాలుగా పెంచే కణాలు) స్క్రీన్ ఫలితాలు ఉచితంగా దొరుకుతాయి. అందులో ఎఫ్ఎల్‌టీ3 జన్యువును వెతకండి. దానిమీద ఆధారపడిన లుకేమియా సెల్ లైన్లు ఏవో, వాటిలో ఆ జన్యువుకు మ్యుటేషన్ (మార్పు) ఉందో లేదో పట్టిక వేయండి. గంటలు గడిచినా విసుగు రాకపోతే బయోఇన్ఫర్మాటిక్స్‌కు దరఖాస్తు చేయండి. ఆ కణాలను నా చేత్తో పెంచి చూడాలనిపిస్తే, ఈ వేసవి సెలవుల్లో సెల్ కల్చర్ నేర్పే ల్యాబ్‌లో ఇంటర్న్‌షిప్ అడగండి.