అరికాళ్ల మంటలకు విటమిన్ బిళ్లలా? ముందు స్ట్రిప్ వెనక చదవండి

ప్రశ్న: నా వయసు 58. పదకొండేళ్లుగా షుగర్ ఉంది, మెట్‌ఫార్మిన్ వాడుతున్నాను. ఏడాదిన్నరగా అరికాళ్లలో మంటలు, తిమ్మిర్లు. రాత్రిపూట దుప్పటి తగిలినా ఓర్చుకోలేకపోతున్నాను. మందుల షాపులో అడిగితే నరాల బలానికని ఒక బిళ్ల ఇచ్చారు. వారం తిరక్కుండానే కాస్త నయమనిపించింది. ఇప్పుడు మా అబ్బాయి అమెరికా నుంచి ఆల్ఫా లిపోయిక్ యాసిడ్, బీ-కాంప్లెక్స్ డబ్బాలు పంపించాడు. మూడూ కలిపి వాడొచ్చా? విటమిన్లే కాబట్టి ఇబ్బంది ఉండదనుకుంటున్నాను. – ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: మూడూ కలిపి మొదలుపెట్టకండి. ముందు ఆ షాపు బిళ్ల సంగతి చూద్దాం. స్ట్రిప్ వెనక్కి తిప్పి చదవండి. మిథైల్‌కోబాలమిన్ పేరు పక్కన ప్రీగాబాలిన్ 75 మి.గ్రా. అని ఉందా? మన దగ్గర ఈ రెండూ కలిపిన బిళ్లలు చాలా కంపెనీలవి దొరుకుతాయి, షాపుల్లో ‘నరాల విటమిన్’ అని చేతిలో పెట్టేస్తుంటారు. మిథైల్‌కోబాలమిన్ అంటే బీ12 విటమినే. ప్రీగాబాలిన్ మాత్రం విటమిన్ కాదు, నరాల నొప్పిని అణిచే మందు, డాక్టర్ చీటీ మీద వాడాల్సింది. వారంలోపే నయమైందంటే ఆ పని చేసింది బహుశా అదే. బీ12 అంత త్వరగా పనిచేయదు.

ప్రీగాబాలిన్ చెడ్డ మందేమీ కాదు, మేమూ రాస్తాం. కానీ మత్తుగా ఉంటుంది, తల తిరుగుతుంది, కొందరికి పాదాలు వాస్తాయి. కాళ్లకు స్పర్శ తగ్గిన మనిషి ఆ మత్తులో అర్ధరాత్రి బాత్‌రూమ్‌కి లేస్తే పడిపోయే ప్రమాదం ఉంది. కిడ్నీ పనితీరు తగ్గినవాళ్లకు డోసు తగ్గించాలి. ఇది చదివి భయపడి ఒక్కసారిగా మానేయకండి, అదీ ఇబ్బందే. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష చేయించుకుని, ఆ స్ట్రిప్‌తో సహా మీ డాక్టర్ దగ్గరకు వెళ్లండి.

ఇక బీ12. మీ విషయంలో నాకు నిజంగా అనుమానం ఉన్నది దీని మీదే. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే పేగులు బీ12ని సరిగా పీల్చుకోవు. దీనికి తోడు పొద్దున్నే పరగడుపున గ్యాస్ బిళ్ల వేసుకునే అలవాటుంటే లోపం ఇంకా పెరుగుతుంది. శాకాహారులైతే మరీను. పాలు, పెరుగు తప్ప వాళ్లకు బీ12 దొరికే దారి పెద్దగా లేదు. మీరు ఏం తింటారో రాయలేదు. ఈ లోపం వల్ల వచ్చే మంటలు, తిమ్మిర్లు అచ్చం షుగర్ వల్ల వచ్చేవాటిలాగే ఉంటాయి. అందుకే అన్నీ షుగర్ ఖాతాలో వేసేయకూడదు.

రక్తపరీక్షలో బీ12 మిల్లీలీటరుకు 200 పికోగ్రాములకన్నా తక్కువుంటే లోపం ఉన్నట్టే. 200 నుంచి 300 మధ్య అయితే ఇంకో పరీక్ష అవసరం కావచ్చు. ఇక్కడో మెలిక ఉంది. మీరు ఇప్పటికే బిళ్ల వాడుతున్నారు కాబట్టి రిపోర్టు బాగానే వచ్చేయొచ్చు, ఆ మాట డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి. లోపం తేలితే ఇంజెక్షన్లో, ఎక్కువ డోసు బిళ్లలో ఇస్తారు. నరాలు కోలుకోవడానికి నెలలు పడుతుంది. ఆలస్యమైన కొద్దీ పూర్తిగా కోలుకునే అవకాశం తగ్గిపోతుంది.

మీ అబ్బాయి పంపిన ఆల్ఫా లిపోయిక్ యాసిడ్ విటమిన్ కాదు, ఒక యాంటీఆక్సిడెంట్. దాని మీద ఆశ పెట్టుకోవడానికి కారణం లేకపోలేదు. రోజుకు 600 మి.గ్రా. చొప్పున కొన్ని వారాలు ఇచ్చి చూసిన పరిశోధనల్లో మంట తగ్గినట్టు కనిపించింది. కానీ 2024లో కోక్రేన్ సంస్థ పరిశోధనలన్నీ కలిపి చూస్తే, ఆరు నెలలు వాడినా లక్షణాల్లో పెద్ద తేడా ఉండకపోవచ్చని తేలింది. వాడితే కడుపులో వికారం ఉండొచ్చు. అరుదుగా కొందరిలో షుగర్ ఉన్నట్టుండి పడిపోతుంది, చెమటలు, వణుకు వస్తాయి. నా మటుకు నేను దీనికి డబ్బు ఖర్చుపెట్టమని చెప్పను. ఇంట్లో ఉంది కదా అంటారా, మీ డాక్టర్ సరేనంటే ఒక్కటే మొదలుపెట్టి రెండు మూడు నెలలు చూడండి, తేడా లేకపోతే ఆపేయండి.

నాకు ఎక్కువ టెన్షన్ ఆ బీ-కాంప్లెక్స్ డబ్బా గురించే. అందులో బీ6 ఎంతుందో చూడండి, పైరిడాక్సిన్ అని రాసి ఉంటుంది. విదేశీ డబ్బాల్లో కొన్నిట్లో ఒక్కో బిళ్లకు 50, 100 మి.గ్రా. ఉంటుంది. మనిషికి రోజుకు కావాల్సింది దాదాపు 2 మి.గ్రా. మాత్రమే. బీ6 ఎక్కువైతే దానివల్లే నరాలు దెబ్బతింటాయి! 1983లో అమెరికా డాక్టర్లు ఇలాంటి ఏడుగురి గురించి రాశారు. రోజుకు 2 నుంచి 6 గ్రాముల దాకా మింగి, కాళ్లు మొద్దుబారి, సరిగా నడవలేని స్థితికి వచ్చినవాళ్లు. అంతకన్నా బాగా తక్కువ డోసుల్లోనూ, ఎక్కువకాలం వాడినవాళ్లలో సమస్య కనబడటంతో 2023లో యూరప్‌లో పెద్దవాళ్లకు రోజువారీ పరిమితిని 12 మి.గ్రా.కు తగ్గించారు. మంట తగ్గాలని మింగే బిళ్లే మంట పెంచితే ఆ సంగతి ఎవరికీ తట్టదు, ఇంకో బిళ్ల కలుపుతారు. టీబీకి ఐసోనియాజిడ్ వాడేవాళ్లకు మాత్రం నరాలు దెబ్బతినకుండా మేమే చిన్న డోసులో బీ6 ఇస్తాం, వాళ్లు ఇది చదివి మానొద్దు.

హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్), థైరాయిడ్ పరీక్షలు కూడా చేయించుకోండి. మద్యం అలవాటుంటే దాచకుండా చెప్పండి, దానివల్లా ఇవే మంటలు వస్తాయి. నొప్పి రాత్రి నిద్ర చెడగొడుతుంటే డులాక్సెటిన్, అమిట్రిప్టిలిన్ లాంటి మందులున్నాయి. గ్లకోమా, ప్రోస్టేట్ సమస్య ఉన్నవాళ్లు అమిట్రిప్టిలిన్ మొదలుపెట్టేముందు డాక్టర్‌కి ఆ విషయం చెప్పాలి.

పాదం మీద పుండు, నల్లబడటం, ఒక్క కాలిలోనే ఉన్నట్టుండి బలం తగ్గడం, రోజుల్లోనే తిమ్మిరి పైకి పాకడం, మూత్రం మీద అదుపు తప్పడం కనిపిస్తే అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి. మంటలకు వేడినీళ్ల కాపడం పెట్టకండి, స్పర్శ తగ్గిన పాదం కాలినా తెలియదు. ఎండాకాలం మధ్యాహ్నం గుడిలో బండల మీద చెప్పుల్లేకుండా ప్రదక్షిణలు చేసి, సాయంత్రానికి బొబ్బలతో వచ్చే షుగర్ పేషెంట్లను ఏటా చూస్తుంటాను. గుడికి వెళ్లాలనుకుంటే పొద్దున్నే వెళ్లి రండి, ఇంటికొచ్చాక వేళ్ల సందులతో సహా పాదాలు చూసుకోండి.