స్ప్లెండర్ టైమింగ్ చెయిన్: బిగించాక గుర్తు ఎందుకు జరుగుతుంది?

ప్రశ్న ఇదీ: "పాత స్ప్లెండర్ ఇంజిన్ మొదటిసారి సొంతంగా విప్పి బిగిస్తున్నాను. గుర్తులు కలిపాకే స్ప్రాకెట్ (చెయిన్ పట్టే పళ్ల చక్రం) ఎక్కించాను. అంతా బిగించాక చూస్తే అర పన్ను పక్కకి పోయింది. ఇలాగే వదిలేయొచ్చా?"

వదిలేయకండి. కింద క్రాంక్ (పిస్టన్ తిప్పే ఇరుసు) తిరుగుడుని పైన క్యామ్‌కి (వాల్వులు తెరిచే ఇరుసు) అందించేది ఈ చెయినే. హెడ్ కూర్చోబెట్టి, చెయిన్ పైకి లాగి స్ప్రాకెట్ ఎక్కించే సమయానికి టెన్షనర్ (చెయిన్ వదులు తీసే భాగం) ఇంకా పనిలోకి దిగలేదు. చెయిన్‌లో ఉన్న వదులు పై వరుసలో కొంత, కింది వరుసలో కొంత ఉంటుంది. అప్పుడు గుర్తులు ముచ్చటగా కలిసినట్టే కనిపిస్తాయి. టెన్షనర్ పడగానే ఆ వదులంతా దాని వైపుకి లాగేసుకుంటుంది, క్యామ్ కాస్త తిరుగుతుంది. అందుకే స్ప్రాకెట్ ఎక్కించేటప్పుడే టెన్షనర్ లేని వరుసను బిర్రుగా లాగి పట్టుకోవాలి. గుర్తుల సంగతి టెన్షనర్ పడ్డాకే తేలుతుంది.

మొదటి నుంచీ చూద్దాం. ప్లగ్ తీసేయండి, లేకపోతే కంప్రెషన్‌తో కుస్తీ పడాలి. ఎడమ కవర్ తీస్తే మ్యాగ్నెట్ (క్రాంక్ చివర తిరిగే చక్రం) అంచు మీద రెండు అక్షరాలు ఉంటాయి, టి, ఎఫ్. పిస్టన్ పైకొచ్చిన చోటు టి. ఎఫ్ అన్నది స్పార్క్ పడే చోటు, దానితో మనకిప్పుడు పనిలేదు. గీతలు పక్కపక్కనే ఉంటాయి, మసిపట్టి ఉంటాయి, షెడ్లో వెలుతురు తక్కువ. కొత్తవాళ్లు ఎఫ్ మీద ఆపేసేది అక్కడే. పెట్రోలు గుడ్డతో తుడిచి టి గీత మీద తెల్ల పెయింటు చుక్క పెట్టుకోండి. ఎడమ వైపు నిలబడి చూస్తే మ్యాగ్నెట్ గడియారం ముళ్లకు ఎదురు దిశలో తిరగాలి. చేత్తోనే తిప్పండి. నట్‌కి పానా వేసి తిప్పితే అది నట్ వదులయ్యే దిశ. తిప్పుతున్నంతసేపూ చెయిన్‌ని పైన తీగతో పట్టి ఉంచండి, జారిందంటే కింద చిన్న స్ప్రాకెట్ దగ్గర ముద్దకట్టి ఇరుక్కుంటుంది.

టి గీత కేసింగ్ మీది గుర్తుకి ఎదురుగా వచ్చాక స్ప్రాకెట్ మీది గుర్తు హెడ్ మీది గాటుకి ఎదురుగా ఉండాలి. కన్ను గుర్తుకి నేరుగా పెట్టి చూడండి, పక్కనుంచి చూస్తే లేని తేడా కనబడుతుంది. టి దాటిపోతే వెనక్కి తిప్పి కలపొద్దు. వెనక్కి తిప్పితే బిర్రుగా ఉండాల్సిన వరుసే వదులవుతుంది, గుర్తు మళ్లీ అబద్ధం చెబుతుంది. ఇంకో చుట్టు ముందుకే తిప్పి రండి. స్ప్రాకెట్ బోల్టులు పెట్టే ముందు చెయిన్ వెళ్లే సందులో గుడ్డ కుక్కడం మర్చిపోకండి. చిన్న బోల్టు లోపల పడితే మొత్తం మళ్లీ విప్పాలి.

"పిస్టన్ పైకొచ్చింది సరే, అది కంప్రెషన్‌లోనా, ఎగ్జాస్ట్‌లోనా" అని చాలామంది బుర్ర బద్దలుకొట్టుకుంటారు. ఈ బండిలో ఆ భయం అక్కర్లేదు. స్పార్క్‌కి సిగ్నల్ మ్యాగ్నెట్ నుంచే వస్తుంది, మ్యాగ్నెట్ తిరిగిన ప్రతి చుట్టులోనూ ఒకసారి పడుతుంది. క్యామ్ సరిగ్గా సగం చుట్టు తేడాతో ఉన్నా ఇంజిన్‌కి ఒకటే. ఒక పన్ను తేడా మాత్రం ఒప్పుకోదు. క్యామ్ స్ప్రాకెట్ పళ్లు లెక్కపెట్టండి. 28 ఉంటే ఒక పన్ను అంటే క్యామ్ దగ్గర దాదాపు 13 డిగ్రీలు, క్రాంక్ దగ్గర దానికి రెట్టింపు, 26.

బిగించాక క్రాంక్‌ని నిదానంగా నాలుగు చుట్లు తిప్పండి, అంటే క్యామ్‌కి రెండు. ఇక్కడ చేతికి తెలిసేదే అసలు పరీక్ష. ప్లగ్ లేదు కాబట్టి అడ్డుపడేది వాల్వు స్ప్రింగులే. మెత్తగా బరువెక్కుతుంది, క్యామ్ ఎత్తు దాటగానే చెయ్యి ఒక్కసారి తేలికై ముందుకి జారుతుంది. స్ప్రింగ్ ఎప్పుడూ కొంచెం లొంగుతుంది. అలా లొంగకుండా టక్కుమని ఆగితే వాల్వు పిస్టన్‌కి తగిలినట్టే, బలం పెట్టకుండా అక్కడే ఆపి విప్పండి. హాఫ్ ఇంజిన్ (హెడ్, సిలిండర్ వరకే విప్పి బిగించే పని) చేసి నేరుగా కిక్ కొట్టేసే మెకానిక్‌లను చూస్తే ఒళ్లు మండుతుంది. చేత్తో తిప్పడానికి రెండు నిమిషాలు చాలు, వాల్వులు వంగితే మళ్లీ హెడ్ విప్పాల్సిందే.

ఇంకో పాడు అలవాటు, పుల్లర్ వాడకుండా మ్యాగ్నెట్‌ని సుత్తితో కొట్టి ఊడదీయడం. లోపలి అర్ధచంద్రాకారపు కీ నలిగితే మ్యాగ్నెట్ క్రాంక్ మీద జరుగుతుంది, ఇక టి గీతని నమ్మలేం. అనుమానం ఉంటే ప్లగ్ రంధ్రంలో ప్లాస్టిక్ స్ట్రా పెట్టి తిప్పండి. టి దగ్గర స్ట్రా పైకి రావడం ఆగి, కాసేపు నిలిచి, కిందికి దిగాలి. స్క్రూడ్రైవర్ పెట్టకండి, ఇరుక్కుంటే థ్రెడ్ పోతుంది.

ఇంత చేశాక కూడా అర పన్ను తేడా మిగిలితే, అటో పన్ను ఇటో పన్ను మార్చి చూడండి. ఏ పన్ను మీదా కుదరకపోతే చెయిన్ సాగిపోయింది. చెయిన్, స్ప్రాకెట్లు కలిపే మార్చండి, సాగిన చెయిన్ అరిగిన పళ్ల మీదే తిరిగి ఉంటుంది. టెన్షనర్ రోలర్ రబ్బరు గట్టిపడి గాడి పడితే అదీ పోయినట్టే. గుర్తు గాటుకి వెనకబడి ఉంటే టైమింగ్ ఆలస్యం: ఇన్‌లెట్ వాల్వు లేటుగా మూసుకుని పెట్రోలు ఆవిరిని కార్బ్యురేటర్ వైపు వెనక్కి ఊదుతుంది, కిక్‌కి కంప్రెషన్ చాలదు, స్టార్ట్ అయినా తక్కువ స్పీడులో లాగదు. ముందుకుంటే కింద బాగానే లాగి పైన చచ్చిపోతుంది.

స్టార్ట్ అవట్లేదని మళ్లీ హెడ్ విప్పే ముందు టాపెట్లు (వాల్వుని నొక్కే రాకర్ చివర గ్యాప్ సరిచేసే స్క్రూలు) చూడండి. మరీ బిగుతుగా ఉంటే వాల్వు పూర్తిగా మూసుకోదు, లక్షణాలు టైమింగ్ తప్పినట్టే ఉంటాయి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు, టి మీద, రెండు రాకర్లూ చేత్తో కదిపితే వదులుగా ఆడే చుట్టులోనే గ్యాప్ పెట్టాలి: రెంటికీ 0.05 మిల్లీమీటరు. లాక్ నట్ బిగించేటప్పుడు గ్యాప్ మారిపోతుంది కాబట్టి బిగించాక ఫీలర్ గేజ్ (గ్యాప్ కొలిచే పలుచని రేకు) మళ్లీ దూర్చి చూడండి. చివరగా ఆయిల్ పోసి, ప్లగ్ పెట్టకుండా, స్విచ్ ఆపి, హెడ్ దగ్గర ఆయిల్ కనబడేదాకా కిక్ కొట్టండి. అప్పుడు ప్లగ్ బిగించి స్టార్ట్ చేయండి.