ముద్ర అలుక్కుపోకుండా ఉండాలంటే

పాపా,

చర్చిలో పంచేదానికి ఈసారి 40 క్రిస్మస్ కార్డులు రబ్బరు స్టాంపులతో నువ్వే చేస్తానన్నావంట. మంచిది. నవంబర్‌లోనే మొదలుపెట్టు. ముసురు పట్టిందంటే మన తిరుపతిలో సిరా ఒక పట్టాన ఆరదు, అట్టలూ వంకర తిరుగుతాయి.

నిగనిగలాడే అట్ట కొనొద్దు. దాంట్లోకి సిరా ఇంకదు, వేలు తగిలితే చాలు, అలుక్కుపోతుంది. 250 జీఎస్ఎం (అట్ట ఎంత దళసరో చెప్పే లెక్క) మ్యాట్ అట్ట, అంటే మెరుపు లేనిది అడుగు. ఏ4 షీటును అడ్డంగా సగానికి కోస్తే రెండు కార్డులు. అంటే 20 షీట్లు, చెడిపోయేవాటికి ఇంకో ఐదు. మడిచే చోట స్కేలు పెట్టి, రీఫిల్ అయిపోయిన బాల్‌పెన్నుతో గట్టిగా గీత లాగు. గీత లేకుండా మడిస్తే మడత మీద పీచు లేస్తుంది.

ఆఫీసుల్లో వాడే స్టాంపు ప్యాడ్ వద్దు. ఆ సిరా పల్చన, అట్టలో పాకి అంచులు మసకబారతాయి. క్రాఫ్ట్ సామాన్ల అంగట్లో పిగ్మెంట్ ఇంకు ప్యాడ్, అంటే చిక్కటి సిరా ఉండేది దొరుకుతుంది. స్టాంపును ప్యాడ్ మీద వేసి అదమకు. స్టాంపును వెల్లకిలా పట్టుకుని ప్యాడ్‌తోనే దానిమీద తట్టు. అదిమితే గాడుల్లోకి సిరా దిగి నక్షత్రం కాస్తా మచ్చ అవుతుంది. అట్ట కింద పాత మౌస్ ప్యాడ్ పరిచి, తిన్నగా ఒత్తి, తిన్నగా పైకెత్తు. అటూ ఇటూ ఊపావా, రెండు అంచులు పడతాయి.

“క్రిస్మస్ శుభాకాంక్షలు” స్టాంపు చేయిస్తే అక్షరాలు మరీ చిన్నవి వద్దు. ‘స్మ’ కింద ఒత్తు, ‘క్ష’ లోపలి సందు సిరాతో పూడిపోయేది అందుకే. బొమ్మలైతే పెన్సిల్ తుడిచే పెద్ద రబ్బరు మీద నువ్వే చెక్కుకోవచ్చు. ట్రేసింగ్ పేపర్ మీద మెత్తటి పెన్సిల్‌తో గీసి, బోర్లించి రుద్దితే బొమ్మ తిరగబడి దిగుతుంది. అచ్చులో మళ్లీ సరిగ్గా పడుతుంది.

బంగారు రంగు ఉబ్బెత్తుగా రావాలంటే, సిరా తడి మీదే ఎంబాసింగ్ పొడి చల్లి, మిగిలింది కాగితం మీదికి దులిపి, బాగా వేడిగాలి ఊదే హీట్ గన్‌తో కరిగించు. హెయిర్ డ్రయ్యర్ పనికిరాదు, వేడి చాలదు సరికదా పొడిని ఎగరగొడుతుంది. కార్డు అంతటికీ ఎందుకులే, ఒక్క నక్షత్రానికి చాలు.

రంగు మార్చేటప్పుడు స్టాంపును తడిగుడ్డతో తుడువు. థిన్నర్ జోలికి పోవద్దు, రబ్బరు పాడైపోతుంది.

పోస్టులో పంపేవి కవరుతో సహా 20 గ్రాములు దాటకుండా చూసుకో, దాటితే స్టాంపు ఖర్చు పెరుగుతుంది. పూసలూ గీసలూ అంటించకుంటే దాటదు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ