ఆల్గేరో నుంచి బోసాకు సైకిల్ మీద

ప్రశ్న: అన్నా, నమస్తే. మాది హసన్‌పర్తి, సర్కారు బడిలో లెక్కల టీచర్ని, వయసు 49. ఆదివారాలు ములుగు రోడ్డు మీద నలభై కిలోమీటర్ల దాకా సైకిల్ తొక్కుతాను. మా వాడు రోమ్‌లో చదువుతున్నాడు, వచ్చే మేలో నేనూ మా ఇంటామె పోతున్నాం. అక్కడి నుంచి సార్డీనియా దీవికి పోయి, ఆల్గేరో నుంచి బోసాకు సముద్రం పక్క రోడ్డు మీద సైకిల్ తొక్కాలని ఉంది. పొద్దున పోయి సాయంత్రానికి తిరిగి రావచ్చా? మా ఇంటామె మాత్రం "సముద్రం చూడాలంటే సూర్యలంక లేదా" అంటోంది.

జవాబు: వద్దు సార్, పోవడం వరకే పెట్టుకోండి. ఒకవైపు దాదాపు 45 కిలోమీటర్లు, అంటే ఇంచుమించు హనుమకొండ నుంచి ములుగు పోయినంత, కాబట్టి రానూ పోనూ తొంభై అని మీరు ఇప్పటికే లెక్కేసి ఉంటారు. కానీ ములుగు రోడ్డుకీ దీనికీ పోలిక దూరంలోనే. ఆ రోడ్డు నీళ్ల పక్కనే మొదలై, మెలికలు తిరుగుతూ 300 మీటర్లకు పైగా ఎక్కి, మళ్లీ బోసా దగ్గర కిందికి దిగుతుంది. కాజీపేట బ్రిడ్జి ఎక్కడానికే గేర్లు వెతుక్కునేవాళ్లం మనం.

ఎక్కుడైనా నయమే, దిగి తోసుకుంటూ పోవచ్చు. అసలు ఇబ్బంది నీళ్లు. నేను జూన్‌లో తొమ్మిదింటికి తీరిగ్గా బయల్దేరాను, ఒక్క లీటరు సీసాతో, దారిలో ఎక్కడో ఒక చాయ్ బండి ఉండదా అన్న మన అలవాటు ధీమాతో. స్పెరాంజా బీచ్ దాటాక ఊరు లేదు, దుకాణం లేదు, ఎండ, రాళ్లు, పొదలు, అంతే. ఆఖరి గుక్క చాయ్ అంత వేడిగా ఉంది. చివరికి రోడ్డు పక్కన వ్యాన్ ఆపుకున్న ముసలి జంట సీసా నింపారు. బోసా చేరేసరికి రెండున్నర, అక్కడ మధ్యాహ్నం షట్టర్లు దించితే మళ్లీ సాయంత్రమే. మీరు ఆరింటికల్లా బయల్దేరండి, మూడు లీటర్లకు తక్కువ పెట్టుకోకండి.

తిరిగి రావద్దని అనడానికి ఇంకో కారణం గాలి. అక్కడ వాయవ్యం నుంచి వీచే గాలిని మయెస్త్రాలె అంటారు. దక్షిణంగా బోసాకు పోతుంటే వెనక నుంచో పక్క నుంచో తగులుతుంది, వెనక్కి వస్తుంటే మొహం మీదికే. పైగా అక్కడ బండ్లు కుడివైపు నడుస్తాయి, కాబట్టి పోయేటప్పుడు సముద్రం మీ చేతి పక్కనే. వచ్చేటప్పుడు మీకు దక్కేది కొండ పక్క. సైకిల్ అద్దెకు తీసుకునే చోటే ఏ చేతి బ్రేకు ముందు చక్రానిదో నొక్కి చూసుకోండి, దిగుడులో తెలుసుకునే విషయం కాదది.

పైన రెక్క కదపకుండా తిరిగేవి గద్దలనుకునేరు, రాబందులు. మన ఆసిఫాబాద్ జిల్లాలో పాలరాపు గుట్ట ఉందే, అక్కడి వాటికి చుట్టాలు. మన దగ్గర నేను ఒక్కదాన్నీ చూడలేదు గానీ అక్కడ సైకిల్ ఆపి మెడ నొప్పెట్టేదాకా చూశాను.

రోమ్ దగ్గరి చివితావెక్కియా రేవు నుంచి పోర్తో తోర్రెస్‌కు రాత్రి ఓడలుంటాయి, అక్కడి నుంచి ఆల్గేరో దగ్గరే. మేడమ్ సంగతంటారా, ఆమెనూ అబ్బాయినీ కారులో నేరుగా బోసాకు రమ్మనండి. తేమో నది ఒడ్డున రంగురంగుల ఇళ్లు, పైన కోట, ఆ సాయంత్రం చూశాక సూర్యలంక మాట ఎత్తరు. ఎత్తినా మీరు అప్పటికే తొక్కేసి ఉంటారు. రాత్రికి అక్కడే ఉండి, మర్నాడు సైకిల్ కారెక్కించుకుని వచ్చేయండి.

దారిలో నమలడానికి సకినాలు పెట్టుకోండి, కాస్త ఎక్కువే. నావి సగం దారికే అయిపోయాయి.