అరకు కాఫీలో నారింజ రుచి ఎక్కడ ఉంది?

ప్రశ్న: మా ఇంట్లో మొదటి నుంచీ చికోరీ కలిపిన ఫిల్టర్ కాఫీయే అలవాటు. ఈమధ్య అరకు అరబికా గింజల ప్యాకెట్ కొన్నాను. అందులో నారింజ, బెల్లం, బాదం రుచులు ఉన్నాయని దానిమీద రాసి ఉంది. పాలు, పంచదార లేకుండా తాగి చూస్తే నాకు పులుపు, చేదు తప్ప మరేమీ తెలియలేదు. మా అత్తగారు ఒక గుక్క తాగి కషాయంలా ఉందన్నారు. ఆ రుచులు నిజంగా ఉంటాయా, అమ్మకం కోసం రాసే మాటలా? ఉంటే వాటిని గుర్తుపట్టడం నేర్చుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, మొగల్రాజపురం, విజయవాడ

జవాబు: ఆ రుచులు ఉంటాయి, కానీ నారింజ రసం కలిపినంత స్పష్టంగా ఉండవు. అరబికా గింజలో సిట్రిక్, మాలిక్ వంటి ఆమ్లాలు సహజంగానే ఉంటాయి. గింజను వేయించేటప్పుడు అందులోని చక్కెరలు మారి బెల్లాన్ని, వేయించిన పప్పులను గుర్తుచేసే వాసనలు పుడతాయి. బాగా ముదురుగా వేయిస్తే ఆ ఆమ్లాలు చాలావరకు నశించి చేదు పైకి వస్తుంది. మనం అలవాటుపడిన కాఫీ పొడి సాధారణంగా ఇలా ముదురుగా వేయించినదే. పైగా చికోరీ చిక్కదనాన్నీ తనదైన చేదునూ కలుపుతుంది కాబట్టి అందులో పండు వాసన వెతికినా దొరకదు.

ముందుగా ఒక చిన్న పరీక్ష చేయండి. ముక్కు గట్టిగా మూసుకుని ఒక గుక్క నల్ల కాఫీ నోట్లో ఉంచుకోండి. పులుపు, చేదు మాత్రమే తెలుస్తాయి. మింగిన వెంటనే ముక్కు వదిలితే గొంతు వెనుక నుంచి వాసన ఒక్కసారిగా పైకి వస్తుంది. ప్యాకెట్ మీద రాసినవి చాలావరకు ఈ వాసనలే. నాలుక మీద వెతికినంతకాలం అవి దొరకవు.

రెండవ విషయం ఇంకా ముఖ్యమైనది. మీరు ఒకే కాఫీని విడిగా తాగి తీర్పు చెప్పడానికి ప్రయత్నిస్తున్నారు. బంగినపల్లికీ చిన్నరసానికీ తేడా విజయవాడలో పిల్లలకు కూడా తెలుస్తుంది. ఎవరో పాఠం చెప్పినందువల్ల కాదు, ఒకే వేసవిలో రెండూ తిన్నందువల్ల. కాఫీ విషయంలోనూ రెండింటిని పక్కపక్కన పెట్టుకుంటేనే నోటికి తేడా పట్టుబడుతుంది.

రుచి నిపుణులు వాడే కప్పింగ్ అనే పద్ధతిని వంటింట్లోనే చేసుకోవచ్చు. ఒకే కొలత గల రెండు గాజు గ్లాసులు తీసుకుని, ఒక్కొక్కదానిలో కాస్త బరకగా ఆడించిన పొడి 8 గ్రాములు వేసి, మరిగించి దించిన వేడి నీళ్లు 150 మిల్లీలీటర్లు పోయండి. పొడి పైకి తేలి మందంగా తెట్టు కడుతుంది. 4 నిమిషాలు కదపకుండా ఉంచి, ముక్కు గ్లాసు దగ్గరగా పెట్టి, చెంచా వీపుతో ఆ తెట్టును పగలగొట్టండి. ఆ క్షణంలో వచ్చే వాసనే అన్నిటికంటే గాఢమైనది, దాన్ని జారవిడుచుకోకండి. నురుగు తీసేసి, నోరు కాలనంత వేడికి తగ్గాక చెంచాతో చప్పుడు వచ్చేలా జుర్రుకోండి. భోజనాల దగ్గర ఇది మర్యాద కాదు గానీ, ద్రవం గాలితో కలిసి నోరంతా పరుచుకుని వాసన ముక్కుకు చేరడానికి ఇదే మార్గం. చల్లారుతున్న కొద్దీ మళ్లీ మళ్లీ రుచి చూడండి. వేడిలో కనిపించని తీపి, పండు వాసన గోరువెచ్చగా ఉన్నప్పుడు బయటపడతాయి.

మొదట మీ అరకు అరబికా పక్కన రోబస్టా అనే మరో రకం కాఫీని, చికోరీ లేనిది, పెట్టుకోండి. రోబస్టాలో కెఫీన్ దాదాపు రెండింతలు, చేదు ఎక్కువ, తేడా వెంటనే తెలుస్తుంది. ఆ తరువాత అరకుతో చిక్కమగళూరు అరబికాను పోల్చండి. కాఫీ పొడి కొట్టులో ‘ప్లాంటేషన్’ అంటే పండు గుజ్జు తీసి కడిగి ఆరబెట్టిన అరబికా అనీ, ‘చెర్రీ’ అంటే పండును పండుగానే ఎండబెట్టి తీసిన గింజ అనీ తెలిసి ఉంటే ఈ పోలికలకు గింజలు ఎంచుకోవడం సులువవుతుంది. ప్రతిసారీ ఒక్క ప్రశ్నే వేసుకోండి: ఈ రెండింటిలో ఏది పుల్లగా ఉంది? ఏది చిక్కగా ఉంది? ఏది మింగాక ఎక్కువసేపు నిలిచింది? జవాబును మీ మాటల్లోనే రాసుకోండి. ఉసిరి అనిపిస్తే ఉసిరి, తాటిబెల్లం అనిపిస్తే తాటిబెల్లం అని రాయండి. ప్యాకెట్ మీది మాటతో అది కలవకపోయినా మీ గుర్తింపు తప్పు కాదు.

మీకు తెలిసిన పులుపు, చేదు కాచడంలోని లోపం వల్ల కూడా వచ్చి ఉండవచ్చు. పళ్లు పులిసేలా ఉండి కాఫీ నీళ్లగా అనిపిస్తే గింజలోని సారం పూర్తిగా దిగలేదని అర్థం. పొడిని ఇంకొంచెం సన్నగా ఆడించండి. చేదుతోపాటు నాలుక ఎండిపోయేంత వగరు ఉంటే సారం మితిమీరి దిగింది, బరకగా ఆడించండి. మంచి అరబికా పులుపు వెంట తీపి తప్పక ఉంటుంది. నీళ్లను కూడా గమనించండి. ఖనిజాలు బాగా తీసేసిన ఆర్వో నీళ్లలో కాఫీ చప్పగా తేలుతుంది. లీటరుకు 150 మిల్లీగ్రాముల దరిదాపుల్లో లవణాలు ఉన్న నీళ్లను నిపుణులు మెచ్చుకుంటారు.

మీ అత్తగారి అభిప్రాయాన్ని తేలికగా తీసుకోవద్దు. చికోరీ కలిపిన పాల కాఫీ వేరే పానీయం, దానికి దాని గొప్పతనం ఉంది. లేతగా వేయించిన గింజల రుచి పాలలో దాదాపు కనబడదు. ఆవిడ కోసం మధ్యరకంగా వేయించిన అరకు గింజలతో, చికోరీ లేకుండా, డికాక్షన్ మామూలుకంటే చిక్కగా దించి, పాలు కాస్త తగ్గించి ఇచ్చి చూడండి.

ప్రశ్న: గుంటూరు ఎండలకు కాఫీ గింజలు పాడవుతాయని ఫ్రిజ్‌లో పెడుతున్నాను. మంచిదేనా?
– ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: రోజూ వాడే గింజలను ఫ్రిజ్‌లో పెట్టవద్దు. డబ్బా తీసిన ప్రతిసారీ చల్లని గింజల మీద తేమ చేరుతుంది, పక్కనున్న కూరల వాసన కూడా పడుతుంది. గాలి చొరబడని డబ్బాలో, పొయ్యికి దూరంగా, వెలుతురు పడని అలమరలో ఉంచండి. వేయించిన తేదీ ముద్రించిన ప్యాకెట్‌నే కొని, నెల లోపల అయిపోయేంత మాత్రమే తెచ్చుకుని, ఏ పూటకు ఆ పూట ఆడించుకోండి.