బేస్ గిటార్ కదిలిస్తే గురగుర... వైరింగంతా మార్చాలా?

ప్రశ్న: మాది గుంటూరు, బ్రాడీపేటండి. చర్చిలో బేస్ వాయిస్తాను. రెండు నెలల్నుంచి కేబుల్ గుచ్చే చోట గురగురమంటోంది, కాస్త కదిలితే సౌండే పోతోంది, కేబుల్‌ని తొడకి ఆనించి నొక్కిపట్టుకుని వాయించాల్సొస్తోంది. షాపులో చూపిస్తే లోపల వైరింగంతా మార్చాలన్నారు. జాక్ ఒక్కటే నేను మార్చుకోలేనా?

జవాబు: మార్చుకోవచ్చండీ, భేషుగ్గా. వైరింగంతా అన్నాయన అసలు జాక్ బిగించిన ప్లేట్ విప్పి చూశాడో లేదో నాకైతే డౌటే. ముందు ఇంకో కేబుల్ పెట్టి చూడండి, సగం కేసులు అక్కడే తేలిపోతాయి. దాంతో కూడా గురగుర వస్తుంటే జాక్ నట్టు వేలితో తిప్పి చూడండి, వదులుగా తిరుగుతోందంటే దొంగ దొరికినట్టే. నట్టు వదులైతే కేబుల్ గుచ్చినప్పుడల్లా లోపల జాక్ మొత్తం తిరిగి, వైర్లు మెలితిరిగి చివరికి సోల్డర్ అతుకు దగ్గర పుటుక్కుమంటాయి. అందుకే నట్టు బిగించేటప్పుడు కూడా ప్లేట్ విప్పి లోపల జాక్‌ని పట్టుకునే బిగించాలి.

కొత్తది కొనేముందు మీ బేస్‌లో 9 వోల్టుల బ్యాటరీ ఉందో లేదో చూస్కోండి. లేకపోతే మామూలు మోనో జాక్, పావు అంగుళంది. ఉంటే మాత్రం మూడు కాళ్ల (అంటే వైర్లు అతికించే రేకుల) స్టీరియో జాకే కావాలి, ఎందుకంటే మూడో కాలికి బ్యాటరీ నల్ల వైరొస్తుంది, కేబుల్ గుచ్చితేనే బ్యాటరీ ఆన్ అవుద్ది. మోనో తెచ్చి ఆ నల్ల వైర్ని గ్రౌండ్‌కి, అంటే సౌండ్ వైరు కాని రెండో కాలికి అతికించేస్తే బ్యాటరీ రాత్రీపగలూ కాలిపోతూనే ఉంటుంది.

పాతది ఊడదీసేముందు ఫోన్లో ఫొటో తీస్కోండి. వంగిన పొడుగు రేకు కేబుల్ కొనకి తగులుద్ది, సౌండ్ వైరు దానికి పోవాలి, గుండ్రటి మెడ ఉన్న కాలికి గ్రౌండ్. 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్ చాలు, 60/40 లెడ్డు (అతికించే సోల్డర్ తీగ) 190 డిగ్రీల దగ్గరే కరుగుద్ది, కాలు వేడెక్కాక లెడ్డు తగిలించండి గానీ లెడ్డు కరిగించి కాలి మీద పూయకండి, అది పైకి అతుక్కున్నట్టే ఉండి వారానికి ఊడొస్తుంది. ష్రింక్ ట్యూబ్, అదే వేడి తగిలితే బిగుసుకునే ప్లాస్టిక్ గొట్టం, వైరుకి ముందే తొడగండి. నేను మొదటిసారి విజయవాడలో మా డాబా మీద కూర్చుని రెండు కాళ్లూ అందంగా అతికించేశాక చూస్తే ట్యూబులు నా జేబులో ఉన్నాయి, మళ్లీ అంతా ఊడదీశా.

అయ్యాక స్ట్రింగ్స్ ముట్టుకుని చూడండి. ముట్టుకుంటే హమ్ (స్పీకర్లో వచ్చే గుంయ్‌మనే మోత) తగ్గితే సరే, పెరిగిందంటే రెండు వైర్లూ తారుమారయ్యాయని. ఇక వాయించేటప్పుడు కేబుల్‌ని స్ట్రాప్ వెనకనుంచి తిప్పి గుచ్చండి, కోయిర్ పిల్లలెవరైనా తొక్కినా ఆ లాగుడు స్ట్రాప్ మీద పడుద్ది గానీ జాక్ మీద కాదు.