పది వెబ్‌సైట్లలో ఒకే మాట కనిపిస్తే నమ్మవచ్చా?

ఒకే విషయం పది వెబ్‌సైట్లలో ఒకేలా ఉంటే నిజమని తీసుకోవచ్చా అని మీరు అడిగారు. అంతమాత్రాన తీసుకోకూడదని నా అనుభవం చెబుతోంది.

నేను అనంతపురంలో సాంఘిక శాస్త్రం బోధిస్తాను. దేశంలో జైసల్మేర్ తరువాత అతి తక్కువ వర్షం కురిసేది మన జిల్లాలోనే అన్న మాట ఇక్కడ పుట్టి పెరిగిన వాళ్లందరం చిన్నప్పటి నుంచీ వింటున్నదే; ఇంటర్నెట్‌లో వెతికితే కొల్లలుగా దొరుకుతుంది. నేనూ ఏళ్ల తరబడి పిల్లలకు అదే చెప్పాను. ఒకరోజు తొమ్మిదో తరగతి అమ్మాయి అట్లాసు తెచ్చి, వర్షపాత పటంలో రాజస్థాన్ పడమటి అంచు మీద వేలు పెట్టి, "సార్, బికనేర్ కూడా జైసల్మేర్ రంగులోనే ఉంది, మనది వేరే రంగు కదా సార్?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేకపోయింది.

ఆ సాయంత్రం సగటు వర్షపాతం అంకెలు వెతికాను. మన జిల్లాకు ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు ఉండగా, బికనేర్‌కు 300 కూడా లేవు, లడఖ్‌లోని లేహ్‌కు దాదాపు 100 మాత్రమే. తిరిగి ఆ వెబ్‌సైట్లు తెరిచి చూస్తే నాకు కనిపించిన వాటిలో ఒక్కదానిలోనూ అంకె లేదు. వాక్యం మాత్రం పొల్లు పోకుండా అదే, అంటే ఎవరో ఒకరు రాసినదాన్ని మిగతావారు ఎత్తి రాసుకున్నారన్నమాట.

అయితే అందులో కొంత నిజం ఉంది. నైరుతి రుతుపవనాలకు పడమటి కనుమలు అడ్డుపడటం వల్ల, ఈశాన్య రుతుపవనాలు తీరం నుంచి ఇంత లోపలికి వచ్చేసరికి బలహీనపడటం వల్ల ఆంధ్రప్రదేశ్‌లో అతి తక్కువ వాన మన ప్రాంతానిదే. ఎండిపోయిన వేరుశనగ చేనును కళ్లారా చూసినవారికి తమ కష్టాన్ని చెప్పే మాటను అనుమానించడానికి మనసు రాదు, అందుకే ఇలాంటివి ఇన్నాళ్లు నిలుస్తాయి. కానీ నీళ్ల కోసం మనం చేసే వాదనలో ఒక్క అంకె తప్పని తేలినా, వినేవారు మిగతా నిజాలను కూడా పక్కన పెట్టేస్తారు. నాకు బాధ కలిగించేది అదే.

ఇప్పుడు ఏది చదివినా ముందు అంకె ఉందా, దానిని లెక్కగట్టింది ఎవరు, ఏ ఏడాదిది, ఏ ప్రాంతానిది అని చూస్తాను. ఈ చివరిది మనకు మరీ ముఖ్యం: 2022 ఏప్రిల్‌లో శ్రీసత్యసాయి జిల్లా విడిపోయింది కనుక, అంతకు ముందరి అనంతపురం లెక్కలను ఇప్పటి జిల్లాతో పోల్చకూడదు.

మరునాడు తరగతిలో పాత వాక్యం తప్పని పిల్లలకు చెప్పి, "ఆంధ్రప్రదేశ్‌లో అతి తక్కువ" అని బోర్డు మీద రాసి, దాని కింద అంకెనూ అది ఎక్కడ దొరికిందో కూడా రాశాను.